పోగు ఒకచోట, ముడత ఇంకోచోట: నల్లకుంట ఫిజియోథెరపీ క్లినిక్‌లో ఏడు సిట్టింగులు

రాంనగర్‌లో మా టైలరింగ్ షాపు పెట్టి ఇరవై ఆరేళ్ళయింది. జాకెట్లు, లంగా ఓణీలు, చిన్నపిల్లల గౌన్లు కుడతాను. పోయినసారి శ్రావణమాసం ముందు, ఏడాదంతటిలో పని ఎక్కువగా ఉండే రోజుల్లో, నా కుడి భుజం మొరాయించింది. నల్లకుంటలో ఒక చిన్న ఫిజియోథెరపీ క్లినిక్‌కు ఏడుసార్లు వెళ్ళాక మళ్ళీ కత్తెర పట్టగలిగాను. అక్కడ ఏం చేశారో, ఏది నచ్చిందో, ఏది నచ్చలేదో రాస్తున్నాను. మెషీను మీదో, కంప్యూటర్ ముందో, వంటింట్లోనో రోజంతా ఒకే తీరున వంగి పనిచేసేవాళ్ళు దీన్ని చదవాలని నా కోరిక.

క్లినిక్ పేరు మాత్రం రాయడం లేదు. రాయనా అని అడిగితే నాకు వైద్యం చేసిన ఫిజియోథెరపిస్టు ఆవిడ, "ఒక్కదాన్నే చూసుకుంటున్నానమ్మా, ఉన్నవాళ్ళకే సమయం చాలడం లేదు, వద్దు" అన్నారు. కూరగాయల మార్కెట్‌కు నడిచి వెళ్ళేంత దూరంలో, ఒక మందుల షాపు పైన ఉంటుంది. అడిగితే ఆ వీధిలో ఎవరైనా చూపిస్తారు.

ముందు నా నొప్పి సంగతి. భుజం ముందు వైపు, కీలు లోపల ఎక్కడో పుట్టినట్టుండేది. అక్కడి నుంచి చేయి బయటి పక్కగా దిగి, ముంజేయి మీదుగా బొటనవేలి వైపు లాగేది. రాత్రి కుడి పక్కకు తిరిగి పడుకోలేను. ఎడమ పక్కకు తిరిగితే కుడి చేయి ముందుకు వాలిపోయి ఇంకా లాగేది. వెల్లకిలా పడుకుని తెల్లవారేదాకా ఫ్యాను చూస్తూ ఉండేదాన్ని. చేయి వెనక్కి పోక, నా జాకెట్టు వెనక హుక్కులు పెట్టమని మా అమ్మాయిని పిలిచేదాన్ని. పైట చెంగు సర్దుకోవడమూ కష్టమే. నాకు ఏడుపు వచ్చింది మాత్రం ఒక పెళ్ళికూతురి పట్టు జాకెట్టు కత్తిరిస్తున్నప్పుడు. చంక దగ్గర మలుపు తిప్పుతుంటే చేయి వణికి గీత దాటింది. గుడ్డ చాలా ఉంది కాబట్టి సర్దేశాను. లేకపోతే ఆ అమ్మాయికి ఏం చెప్పేదాన్ని?

మందుల షాపులో అడిగి తెచ్చుకున్న నొప్పి మాత్రలు పది రోజులు వేసుకుంటే కడుపులో మంట మొదలైంది. తర్వాత ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్ళాను. కాగితాలు చూశారు, మెడకు ఎమ్మారై తీయించారు, ఆరువేల అయిదువందలు అయింది. మెడలో ఒక డిస్కు కొంచెం ఉబ్బిందని రిపోర్టు వచ్చింది. మెడకు పట్టీ వేసుకోమన్నారు. పట్టీ వేసుకుంటే తల వంచలేం, తల వంచకుండా గుడ్డ కత్తిరించలేం. అక్కడే ఉన్న ఫిజియోథెరపీ విభాగంలో భుజానికి నాలుగు ప్యాడ్లు అంటించి, కరెంటు మెషీను పెట్టి, ఇరవై నిమిషాలకు గంట మోగితే తీసేసేవారు. ఆరు రోజులు వెళ్ళాను. ఆ ఆరు రోజుల్లో నా భుజం మీద ఎవరూ వేలు పెట్టి ఇక్కడా, ఇక్కడా అని అడగలేదు. అదే నాకు బాధ. కొలత జాకెట్టు తెచ్చినా సరే, మనిషిని నిలబెట్టి భుజం మీద టేపు పెట్టకుండా నేను గుడ్డ కత్తిరించను.

ఈలోగా తలా ఒక మాట. భుజం గడ్డకట్టిందని ఒకరు, నరం నొక్కుకుందని ఒకరు, గుండెకు సంబంధించిందేమో చూపించుకోమని ఇంకొకరు. ఆ చివరి మాట మంచిదే. ఈసీజీ తీయించాను, బాగానే ఉంది.

మా షాపుకు వచ్చే బ్యాంకు ఉద్యోగిని ఒకరు ఈ క్లినిక్ సంగతి చెప్పారు. ఆవిడకు రెండేళ్ళుగా కణతల నొప్పి, కంటి వెనక పోటు. కళ్ళద్దాలు మార్చినా తగ్గనిది, మెడ పక్క కండరాలకు వైద్యం చేస్తే తగ్గిందట. తలనొప్పికి మెడ మీద వైద్యమేమిటని అప్పుడు నాకు అర్థం కాలేదు.

మొదటి రోజు నలభై అయిదు నిమిషాలు చూశారు. ఆవిడకు ముప్పై అయిదేళ్ళుంటాయి. నేను డాక్టరమ్మా అని పిలిస్తే, "నేను మందులు రాసే డాక్టరును కాదమ్మా, ఫిజియోథెరపిస్టును" అని ముందే చెప్పారు. ఎమ్మారై కవరు ఇస్తే పూర్తిగా చదివి పక్కన పెట్టారు. మీ వయసులో నొప్పి లేనివాళ్ళకు తీసినా చాలామందిలో ఇలాంటి డిస్కు ఉబ్బు కనిపిస్తుంది, కాబట్టి ఈ కాగితం ఒక్కటే చూసి తేల్చలేం అన్నారు. తర్వాత ఒక స్టూలు వేసి, "మీరు షాపులో ఎలా కూర్చుంటారో అలా కూర్చోండి, కత్తెర ఎలా పడతారో చూపించండి" అన్నారు. కూర్చుని చూపించాను. కుడి మోచేయి గాలిలో ఉంటుంది, భుజం చెవి వైపు లేస్తుంది, గుడ్డను ముందుకు తోస్తుంటాను. ఇరవై ఆరేళ్ళుగా చేస్తున్న పనిని ఎవరో శ్రద్ధగా చూడటం అదే మొదటిసారి.

పరీక్షలు వరుసగా చేశారు. మెడను పక్కకు వంచి పైనుంచి మెల్లగా నొక్కారు. చేతిలోకి జివ్వుమని లాగలేదు. దూదితో వేళ్ళ మీద రాసి స్పర్శ చూశారు, పిడికిలి బలం చూశారు, చిన్న సుత్తితో మోచేతి దగ్గర తట్టారు. చివరికి నా చేయి వదులుగా ఉంచమని తానే బయటికి తిప్పారు. నొప్పి ఉంది కానీ చేయి చివరిదాకా తిరిగింది. భుజం గడ్డకడితే ఇంకొకరు తిప్పినా అలా తిరగదు, కాబట్టి అది కాదన్నారు.

అప్పుడు నన్ను ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి, వీపు మీద కుడి రెక్క ఎముక మధ్యలో బొటనవేలితో అడ్డంగా తడుముతూ వచ్చారు. అక్కడ నాకు ఏనాడూ నొప్పి లేదు. ఒకచోట వేలు ఆగింది. పైపింగులో దూర్చే దారం గుడ్డ కింద ఎలా తగులుతుందో, చర్మం కింద అలా బిగుసుకున్న ఒక తీగ. నా వేలితో కూడా తడిమించారు, నిజంగానే తగిలింది. దాని మీద ఒక గింజంత చోట నొక్కగానే భుజం ముందు వైపు నొప్పి లేచింది. మెల్లగా చేయి వెంట దిగింది. మూడు నెలలుగా నన్ను నిద్రపోనివ్వని నొప్పే అది. "ఇదే, ఇదే" అని అరిచాను. ఆవిడ వేలు తీయకుండా, "నొప్పి ఎక్కడ తెలుస్తోందో ఎడమ చేత్తో గీసి చూపించండి" అన్నారు.

దాన్ని ట్రిగ్గర్ పాయింట్ అంటారట. కండరం పేరు ఇన్‌ఫ్రాస్పైనేటస్. రెక్క ఎముక మీద పరుచుకుని ఉండి, చేతిని బయటికి తిప్పుతుంది, భుజం కీలును పట్టి ఉంచుతుంది. ముడి వీపు మీద, నొప్పి భుజం ముందు. ఇది విన్న వెంటనే నాకు అర్థమైంది. ఎందుకంటే గుడ్డలో రోజూ చూసేదే. సిల్కు గుడ్డ నేతలో ఒక్క పోగు గోరుకు తగులుకుని లాగుకుపోయిందనుకోండి, ఆ పోగు వెంట గుడ్డంతా ముడత పడుతుంది. ముడత కనిపించే చోటు ఒకటి, పోగు లాగుకుపోయిన చోటు ఇంకొకటి. ముడత మీద ఎంత ఇస్త్రీ పెట్టినా అది పోదు. లాగుకున్న పోగును వెతికి, సూది మొనతో కొద్దికొద్దిగా వెనక్కి సర్దాలి. నేను మూడు నెలలు ముడత మీద జెల్లు రాస్తూ వచ్చాను. ఈ మాట చెబితే ఆవిడ చాలా సంతోషించి, ఇకపై అందరికీ ఇలాగే చెబుతానన్నారు.

గోడ మీద మనిషి బొమ్మలున్న పటం ఒకటుంది. ఏ కండరంలో ముడి పడితే నొప్పి ఎక్కడ తెలుస్తుందో ఎర్ర రంగుతో చూపించారు. ఈ బొమ్మలకు మూలం అమెరికా డాక్టరు జానెట్ ట్రావెల్, ఆమె సహచరుడు డేవిడ్ సైమన్స్ చేసిన కృషి అట. వాళ్ళ పెద్ద గ్రంథం మొదటి సంపుటం 1983లో, రెండోది 1992లో వచ్చాయి. ట్రావెల్ అధ్యక్షుడు కెనెడీ నడుము నొప్పికి వైద్యం చేశారు, 1961లో అధ్యక్షుడి సొంత వైద్యురాలయ్యారు. ఆ పదవిలోకి వచ్చిన మొదటి మహిళ ఆమే. కెనెడీకి ఊగే కుర్చీ సూచించింది కూడా ఆవిడే. ఒకే భంగిమలో బిగుసుకుపోకుండా ఒళ్ళు కదులుతూ ఉంటుందని. ఆ పటంలో బ్యాంకు ఆవిడ తలనొప్పి కూడా దొరికింది: మెడకూ భుజానికీ మధ్య ఉండే కండరం పై అంచున ముడి, కణత మీద ఎరుపు. పిక్క కండరంలో ముడి, మడమ మీద ఎరుపు. పిరుదు కండరంలో ముడి, కాలి బయటి పక్క పొడుగునా ఎరుపు. ఆ చివరిదాన్ని చాలామంది సయాటికా, అంటే నడుము నుంచి కాల్లోకి దిగే నరం నొప్పి, అనుకుంటారట.

ముడి ఎందుకు పడుతుందో అడిగాను. కండరం సన్నటి పోగుల కట్ట. నరం చివర నుంచి ఎసిటైల్‌కొలిన్ అనే రసాయనం వస్తే పోగు ముడుచుకుంటుంది. పని అయ్యాక వదులవ్వాలి. వదులవడానికి కూడా శక్తి కావాలట, ఇది నాకు కొత్త సంగతి. గంటల తరబడి బిగబట్టి ఉంచితే అక్కడ రక్తప్రసారం తగ్గుతుంది, శక్తి చాలదు, పోగు వదలదు. వదలని పోగు పక్కనున్న సన్నటి రక్తనాళాలను ఇంకా నొక్కుతుంది. ఇక నొప్పి వేరేచోట తెలియడమంటే, వేర్వేరు చోట్ల నుంచి వచ్చే కబుర్లు వెన్నుపాములో ఒకేచోట కలుస్తాయి, మెదడు చిరునామా పొరబడుతుంది. గుండెపోటులో ఎడమ చేయి లాగడం కూడా ఇలాంటిదేనట. ఇంకో మాట కూడా దాచకుండా చెప్పారు: ఈ వివరణను ఒప్పుకోని పరిశోధకులున్నారు, ఎక్స్‌రేలోనూ మామూలు స్కానింగులోనూ ఈ ముడి కనిపించదు, వేలితో వెతికే పని కాబట్టి ఇద్దరు నిపుణులు వెతికితే ఒకేచోట ఆగకపోవచ్చు. తెలిసింది ఎంతో, తేలనిది ఎంతో విడదీసి చెప్పేవాళ్ళ మీద నాకు గురి కుదురుతుంది.

వైద్యం విషయానికి వస్తే, ముడి మీద బొటనవేలితో నొక్కి పట్టుకుంటారు. నొప్పి పదికి ఎంత అని అడుగుతూ ఆరు దాటనివ్వరు. అర నిమిషం, ముప్పావు నిమిషం గడిచేసరికి ఆరు కాస్తా మూడు అవుతుంది. అప్పుడు వేలు తీసి, చేయిని ఛాతీకి అడ్డంగా లాగి కండరాన్ని సాగదీస్తారు, తర్వాత వేడి కాపడం. గట్టిగా నొక్కితే తొందరగా తగ్గుతుందనుకోవడం పొరపాటట. ఇదివరకు ఒక మసాజ్ కేంద్రంలో మోచేతితో తొక్కించుకుని రెండు రోజులు లేవలేకపోయినదాన్ని, ఆ మాట ఎంత నిజమో నాకు తెలుసు.

మూడో సిట్టింగులో సూది వాడారు. డ్రై నీడ్లింగ్ అంటారు, మందు ఏమీ ఎక్కించరు. నేను సూదులతో బతికేదాన్ని కాబట్టి శ్రద్ధగా చూశాను. మా మెషీనుకు వేసే 14 నంబరు సూది మందం 0.9 మిల్లీమీటరు. ఆవిడ సూది 0.3. నా ముందే సీలు చింపారు, వాడాక సూదుల డబ్బాలో పారేశారు. రక్తం పలుచనయ్యే మందులు వాడుతున్నారా అని ముందే అడిగారు. పక్కటెముకల పైన సూది వేసేటప్పుడు లోపల ఊపిరితిత్తి ఉంటుంది, తెలియనివాళ్ళు వేస్తే దానికి తగిలే ప్రమాదం ఉంది, ఎక్కడపడితే అక్కడ వేయించుకోకండి అన్నారు. సూది చర్మంలోకి దిగడం దోమ కుట్టినంతే. ముడికి తగిలినప్పుడు మాత్రం నీళ్ళలో చేప తోక విదిల్చినట్టు కండరం దానంతటదే ఒకసారి ఎగిరింది. నేను ఉలిక్కిపడ్డాను. ఆ చోట రెండు రోజులు సలుపు, కొంచెం నీలం మచ్చ. మూడో రోజు రాత్రి కుడి పక్కకు తిరిగి పడుకున్నాను, తెల్లవారాక కానీ ఆ సంగతి గమనించలేదు. అయిదోసారి మరొక్కసారి వేశారు. నాలుగో సిట్టింగు తర్వాతే నా హుక్కులు నేను పెట్టుకున్నాను. మా అమ్మాయి చప్పట్లు కొట్టింది.

ఇంటి దగ్గర చేయాల్సింది కూడా వైద్యంలో సగం. పాత మేజోడులో టెన్నిస్ బంతి వేసి, మేజోడు చివర భుజం మీదుగా పట్టుకుని, గోడకూ రెక్క ఎముకకూ మధ్య బంతిని పెట్టి ఒరగాలి. నొప్పి పలికే చోట అర నిమిషం నుంచి నిమిషం దాకా ఆగాలి. రోజుకు రెండుసార్లు. వెన్నెముక మీద పెట్టకూడదు. మెడ ముందు వైపు అసలు నొక్కకూడదు. నొప్పి తగ్గాక బలం కోసం రబ్బరు పట్టీ వ్యాయామం: చంకలో తువ్వాలు చుట్ట పెట్టుకుని, మోచేయి ఒంటికి ఆనించి, ముంజేయిని బయటికి తిప్పడం. పట్టీ కొనమన్నారు. నా దగ్గర లంగాలకు వేసే రెండంగుళాల వెడల్పు ఎలాస్టిక్ చుట్టలు చుట్టలుగా ఉంది. ఒక ముక్క తీసుకెళ్ళి చూపిస్తే ఆవిడ తాను లాగి చూసి, రెండు మడతలు వేస్తే చాలన్నారు. ఇప్పటికీ అదే వాడుతున్నాను.

షాపులో మార్పులు కూడా ఆవిడ సలహాతోనే. కత్తిరించే బల్ల కాళ్ళ కింద ఇటుకలు పెట్టి ఆరంగుళాలు పెంచాను. పదంగుళాల పెద్ద కత్తెర సాన పట్టించాను. మొద్దు కత్తెరతో ప్రతి కోతకూ భుజం ఎంత బిగుసుకుంటుందో పదును పెట్టించాకే తెలిసింది. నలభై నిమిషాలకొకసారి లేచి రెండు చేతులూ తిప్పుతాను. నాతో పనిచేసే అమ్మాయి, ఇరవై రెండేళ్ళది, చేతిపని చేసేటప్పుడు ముక్కు గుడ్డకు తగిలేలా వంగేది. దానికి ఒడిలో దిండు పెట్టి, దీపం దగ్గరికి జరిపాను. "అక్కా, సాయంత్రం తలనొప్పి రావడం లేదు" అంటోంది.

నచ్చనివి. పద్దెనిమిది నిటారు మెట్లు, లిఫ్టు లేదు. మోకాళ్ళ నొప్పితో వచ్చే పెద్దవాళ్ళు మధ్యలో ఆగి ఆయాసపడటం నేనే చూశాను, ఇలాంటి చోటుకు ఇది పెద్ద లోపం. చెప్పిన సమయానికి పిలవరు, ఒకరోజు యాభై నిమిషాలు కూర్చున్నాను. మంచాల మధ్య కర్టెన్లు మాత్రమే, పక్కవాళ్ళ మాటలన్నీ వినిపిస్తాయి. కర్టెను కూడా కురచ. సూదికి అదనంగా మూడు వందలని బిల్లు ఇచ్చేటప్పుడే చెప్పారు. వేసేముందే చెప్పాల్సింది, ఆ మాట ఆవిడతోనే అన్నాను, తర్వాత రేట్ల కాగితం గోడకు అంటించారు. వ్యాయామాల కాగితం ఇంగ్లీషులో ఉంది. నాకు అర్థం కాలేదంటే వెనకవైపు తన చేత్తో తెలుగులో రాసిచ్చారు. అయితే అక్కడికి వచ్చేవాళ్ళలో సగానికి పైగా నాలాంటివాళ్ళే, తెలుగులోనే అచ్చు వేయించాలి.

ఖర్చు చెబుతాను. మొదటిసారి అయిదువందలు, తర్వాత ఆరుసార్లు నాలుగేసి వందలు, సూదికి రెండుసార్లు మూడేసి వందలు. అంతా కలిపి మూడువేల అయిదువందలు, అయిదు వారాల్లో. ఏడోసారి తర్వాత "ఇక రానక్కరలేదు" అని ఆవిడే అన్నారు. ఇంకో పది సిట్టింగులు రమ్మన్నా నేను వెళ్ళేదాన్నే.

ఆవిడ మీద నా గౌరవం రెట్టింపయింది ఆరోసారి వెళ్ళిన రోజు. నా ముందు ఒకాయన నడుము నొప్పితో వచ్చారు. నొక్కించుకుంటే పోతుందని ఎవరో పంపారట. మాటల్లో, రెండు రోజులుగా కాళ్ళు బరువెక్కుతున్నాయని, మూత్రం సరిగా రావడం లేదని చెప్పారు. ఆవిడ ఆయన మీద చేయి వేయలేదు. ఇది కండరం ముడి కాదు, నరాల మీద ఒత్తిడి కావచ్చు, ఈ పూటే ఆసుపత్రికి వెళ్ళాలని చెప్పి, ఆయన కొడుక్కు ఫోను చేసి, చీటీ రాసి, ఫీజు తీసుకోకుండా పంపించారు. స్పర్శ తగ్గినా, బలం తగ్గినా, జ్వరంతో పాటు నొప్పి ఉన్నా, కారణం లేకుండా బరువు తగ్గుతున్నా, ఛాతీలో నొప్పితో చెమట పట్టినా బంతులూ కాపడాలూ పెట్టుకుని ఇంట్లో కూర్చోవద్దని మాకందరికీ అప్పుడే చెప్పారు.

నా నొప్పి పూర్తిగా పోయిందని చెప్పను. పెళ్ళిళ్ళ రోజుల్లో రాత్రి పదకొండు దాకా కుట్టినప్పుడు భుజం ముందు మళ్ళీ పలుకుతుంది. అప్పుడు భుజం జోలికి పోను, వీపు మీద ఆ చోటు వెతికి బంతి పెడతాను. రెండు రోజుల్లో సర్దుకుంటుంది.

క్లినిక్‌కు ఆదివారం సెలవు. సాయంత్రం అయిదు తర్వాత రద్దీ, ఉదయం పదింటికి వెళితే ఎక్కువసేపు ఆగక్కరలేదు. పాత రిపోర్టులు, వాడుతున్న మందుల చీటీ తీసుకెళ్ళండి. ఆడవాళ్ళు వెనక హుక్కుల జాకెట్టు వేసుకుని వెళ్ళకండి. ముందు హుక్కులది, చంకల దగ్గర వదులుగా ఉన్నది వేసుకుంటే రెక్క ఎముక దాకా సులువుగా జరుపుకోవచ్చు.